లాభం ఎవరి జేబులోంచి వస్తుంది?

కలిగిరి పొగాకు వేలం కేంద్రానికి ఒక్కసారైనా వెళ్లినవాళ్లకు ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. బేళ్లు వరుసగా పేర్చి ఉంటాయి. కంపెనీ తరఫున కొనడానికి వచ్చినవాడు పైపైన చూసి ధర చెప్పడు. చెయ్యి లోపలికి పోనిచ్చి ఒక ఆకు లాగుతాడు. వెలుతురుకు పట్టి రంగు చూస్తాడు, వేళ్ల మధ్య నలిపి తేమ చూస్తాడు. పైన మేలు రకం పరిచి లోపల మాడిన ఆకు దూర్చి ఉంటే అక్కడే బయటపడుతుంది. ఎవరూ పాడని బేలుకు 'నో బిడ్' అని పేరు. రైతు దాన్ని మళ్లీ బండికెత్తుకుని ఇంటికి తెచ్చుకోవాలి.

ప్రతి ఏటా ఆ పరీక్షకు నిలబడే మా మెట్ట రైతులు, అదే పొగాకు డబ్బును ఇంకొకరి వ్యాపారంలో పెట్టేటప్పుడు మాత్రం బేలు విప్పి చూడరు. అడిగినవాడు అయినవాడైతే అసలే చూడరు. పెట్టుబడి అడగడానికి వచ్చిన వ్యాపారాన్ని ఎలా విప్పి చూడాలో ఈ అధ్యాయంలో ఒకే ఒక ఉదాహరణతో చెబుతాను. ఆ ఉదాహరణ మా ఇంట్లోనే జరిగింది.

మా బాబాయిది కొండాపురం మండలంలో చిన్న ఊరు. పొగాకు, కంది, మినుము వేస్తాడు. వేలం ముగిసిన తర్వాత ఒకరోజు ఫోన్ చేశాడు. "ఆదివారం రారా. మీ పిన్నమ్మ అన్న కొడుకు బెంగుళూరు నుంచి వస్తా ఉండాడు. ఏదో కంపెనీ పెట్టినాడంట, పది లక్షలు పెట్టమంటా ఉండాడు. నాకు ఆ భాష తెలీదు, నువ్వొచ్చి చూడు" అన్నాడు.

వెళ్లాను. వసారాలో నులకమంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు కుర్రాడు. మంచి పిల్లాడు. బీటెక్ చదివాడు, నాలుగేళ్లు ఉద్యోగం చేశాడు, ఇద్దరు స్నేహితులతో కలిసి మానేసి ఈ పనిలో దిగాడు. మోసం చేసే మనిషి కాదు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే చెడ్డ పెట్టుబడి ఎప్పుడూ చెడ్డవాడి చేతుల మీదుగానే వస్తుందని మనం అనుకుంటాం. తన ఆలోచనను నిజంగా నమ్మిన మంచివాడు తెచ్చే చెడ్డ పెట్టుబడిని పోల్చుకోవడం అంతకంటే కష్టం.

వాడి యాప్ సంగతి ఇది. స్నేహితులు ఓ గ్రూపు కట్టుకుంటారు. క్రికెట్ మ్యాచ్ మీద, కబడ్డీ మ్యాచ్ మీద తలా ఇంత కాస్తారు. ఎవరు ఎంత సరిగ్గా చెప్పారో పట్టిక కనపడుతుంది, అక్కడే కబుర్లు చెప్పుకోవచ్చు, గెలిచినవాళ్లకు కుప్ప మొత్తం పోతుంది. యాప్ ఐదు శాతం కమిషన్ తీసుకుంటుంది. "మేం బుకీలం కాదు బావా. ఎవరు గెలిచినా మాకు నష్టం లేదు. స్నేహితుల మధ్య జరిగే సరదాకి వేదిక ఇస్తున్నాం, అంతే" అన్నాడు. పది లక్షలకు కంపెనీలో అర శాతం వాటా ఇస్తానన్నాడు.

ఇలాంటి చోట మొదట చూడాల్సింది చట్టం. అక్కడ ఆగిపోతే మిగతాది చూడనక్కరలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో జూదం మీద 1974 నాటి చట్టం ఉంది. దాన్ని 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సుతో సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కూడా అందులోకి తెచ్చారు. తెలంగాణ ఆ పని 2017లోనే చేసింది. అయినా కంపెనీలన్నీ ఒక వాదనను పట్టుకుని వేలాడేవి: ఇది అదృష్టం మీద నడిచే ఆట కాదు, నైపుణ్యంతో ఆడే ఆట అని. ఆ వాదనకు పునాది కూడా మన రాష్ట్రం కేసే. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఒక్క తీర్పును ఆసరా చేసుకుని ఎన్ని యాప్‌లు బతికాయో లెక్కలేదు.

2025 ఆగస్టులో ఆ గొడుగు పోయింది. ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి, 22న రాష్ట్రపతి సంతకం పెట్టారు. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా ఆ చట్టానికి అక్కర్లేదు. గెలిస్తే డబ్బు వస్తుందన్న ఆశతో పందెం కాసే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధమే. అలాంటి ఆట నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. డబ్బు లావాదేవీలకు సాయపడిన సంస్థలకూ మూడేళ్లు, కోటి. ఆడినవాడికి ఈ కేంద్ర చట్టంలో శిక్ష లేదు. నేరం కంపెనీదైతే దాని వ్యవహారాలు చూసేవాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

ఈ విషయం కుర్రాడికి తెలుసు. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకుని వచ్చాడు. "అది డబ్బు పెట్టే ఆటలకు బావా. మాది కాయిన్లతో. యూజర్ కాయిన్లు కొనుక్కుంటాడు, కాయిన్లే కాస్తాడు. పైగా సోషల్ గేమ్‌లకు అదే చట్టంలో అనుమతి ఉంది. మా స్లైడ్ మీద చూడండి, సోషల్ అనే రాశాం."

ఇక్కడ కాసేపు ఆగాలి. పెట్టుబడి అడిగే కాగితాల్లో ఒక్క మాట రెండు అర్థాలు మోస్తుంటే, ఆ మాట దగ్గరే చెయ్యి లోపలికి పెట్టి చూడాలి. చట్టంలో సోషల్ గేమ్ అన్న మాట ఉన్న సంగతి నిజమే. పందెం లేకుండా, వినోదం కోసమో, నేర్చుకోవడం కోసమో ఆడే ఆట అని అక్కడ దాని అర్థం. ఆడటానికి చందా కట్టించుకోవచ్చు, కానీ ఆ కట్టింది పందెంగా మారకూడదు. మా వాడి స్లైడ్ మీద సోషల్ అంటే స్నేహితులతో కలిసి కాయడం. మాట ఒకటే, సరుకు వేరు. ఇక కాయిన్ల సంగతి. డబ్బిచ్చి కొన్న కాయిన్లు, టోకెన్లు, క్రెడిట్లు ఏవైనా, నేరుగా కొన్నా చుట్టు తిప్పి కొన్నా, అవీ పందేలేనని చట్టం పేరు పెట్టి మరీ చెప్పింది. ఆ దారి కట్టేసే ఉంది.

"లాయర్‌ని అడిగావా?" అన్నాను. అడగలేదన్నాడు. పది లక్షలు అడుగుతున్న కంపెనీ దగ్గర లాయరు సంతకంతో ఒక్క పేజీ అభిప్రాయం లేకపోతే, మీరు ఆ రోజుకు లేచి వచ్చేయవచ్చు.

చట్టం ఒక్కరోజులో ఎంత పెద్ద కంపెనీని ఎక్కడికి తేగలదో మనం కళ్లారా చూశాం. 2008లో మొదలైన డ్రీమ్11 2023లో మూడేళ్లకు 358 కోట్లు ఇచ్చి భారత క్రికెట్ జట్టు చొక్కా మీద పేరు రాయించుకుంది. కొత్త చట్టం వచ్చిన వెంటనే డబ్బు ఆటలు ఆపేసింది, ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది. సెప్టెంబరులో ఆసియా కప్ మ్యాచ్‌లు మన జట్టు చొక్కా మీద స్పాన్సర్ పేరు లేకుండానే ఆడింది. అంత డబ్బు, అంతమంది లాయర్లు ఉన్న సంస్థే నిలబడలేకపోయిన చోట, ముగ్గురు కుర్రాళ్ల కంపెనీ నిలబడుతుందని ఏ ఆధారంతో నమ్మాలి?

నిజానికి అక్కడితో అధ్యాయం ముగించవచ్చు. కానీ చట్టాన్ని సవాలు చేస్తూ కంపెనీలు కోర్టుకెక్కాయి. రేపు చట్టం మారవచ్చు, ఈ ఆలోచనే ఇంకో పేరుతో మీ గుమ్మంలోకి రావచ్చు. చట్టం మారినా మారనిది లెక్క. అందుకని మిగతా స్లైడ్లు కూడా విప్పించాను.

మా బాబాయి ముప్పై ఏళ్లుగా ఊళ్లో చీటీలు చూసిన మనిషి. కమిషన్ మాట వినగానే నిటారుగా కూర్చుని ఒక్క ప్రశ్న అడిగాడు. "ఒక రూపాయి మీద నీ ఐదు పైసలు ఎన్నిసార్లు తీస్తావబ్బయ్యా?"

కుర్రాడికి ప్రశ్న అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైంది, మీకూ అర్థం కావాలి. రిజిస్టరు చీటీలో నిర్వాహకుడి కమిషన్ 2019 సవరణ తర్వాత గరిష్ఠంగా ఏడు శాతం. ఐదు కంటే ఏడు ఎక్కువ. కానీ చీటీలో మీరు కట్టిన రూపాయి ఒక్క పాటలోకి పోతుంది, ఒక్కసారే కోత పడుతుంది, మీ చేతికి వస్తుంది. పందెంలో గెలిచిన రూపాయి మళ్లీ పందెంలోకే పోతుంది.

కాగితం తీసుకుని లెక్క వేశాం. పదిమంది స్నేహితులు, తలా వెయ్యి. కుప్ప పది వేలు. మొదటి మ్యాచ్‌కు యాప్ 500 తీసింది, మిగిలింది 9,500. ఆ మొత్తాన్ని రెండో మ్యాచ్‌కు మళ్లీ కాశారు. 475 పోయింది, మిగిలింది 9,025. ఐపీఎల్‌లో ఒక్కో జట్టు లీగ్ దశలో 14 మ్యాచ్‌లు ఆడుతుంది. మీ ఊరి కుర్రాళ్లు ఒకే జట్టు మ్యాచ్‌ల మీద, ఆ పద్నాలుగింటికీ ఇలా కాస్తూ పోయారనుకోండి. చివరికి పదిమంది చేతుల్లో కలిపి మిగిలేది 4,877 రూపాయలు. ఐదు వేల పైచిలుకు యాప్ దగ్గరికి చేరింది. కమిషన్ పది శాతం పెట్టి ఉంటే పదిమందికీ కలిపి మిగిలేది 2,288.

ఈ లెక్కలో ఎవడికెంత క్రికెట్ తెలుసు అన్నది ఎక్కడా రాలేదు. పదిమందీ ఆట బాగా తెలిసినవాళ్లే కావచ్చు. ఒకడు గెలిచి ఇంకొకడు ఓడవచ్చు. అందరి డబ్బూ కలిపి చూస్తే సగానికి పైగా ఊరు దాటి పోయింది. "మాకు నష్టం లేదు" అని కుర్రాడు అన్న మాట అక్షరాలా నిజం. నష్టమంతా ఆడేవాళ్లదే కనుక యాప్‌కు నష్టం లేదు.

స్లైడ్ల మీద దీన్నే 'ఎంగేజ్‌మెంట్' అని రాశాడు. ఒక్కో యూజరు నెలకు ఎన్నిసార్లు తిరిగి వస్తున్నాడో చూపించే గీత పైకి పోతోంది. కిరాణా యాప్‌లో ఆ గీత పైకి పోతే జనానికి సరుకు నచ్చిందని అర్థం. పందెం యాప్‌లో ఆ గీత పైకి పోతే కుప్పలోంచి ఐదు శాతం తీసిన సార్లు పెరిగాయని అర్థం. ఏ వ్యాపారంలో పెట్టుబడి పెట్టినా ఆ గీత కింద ఈ ప్రశ్న రాసుకోండి: వాడకందారు ఎక్కువగా వాడేకొద్దీ వాడి బతుకు బాగుపడుతోందా, తరుగుతోందా?

ఇక వాటా ధర. పది లక్షలకు అర శాతం అంటే కంపెనీ మొత్తం విలువ 20 కోట్లు. ఈ గుణకారం చేయకుండా ఎవరికీ డబ్బు ఇవ్వకండి. సరే, 20 కోట్ల కంపెనీ ఏడాదికి కనీసం రెండు కోట్లయినా కమిషన్ సంపాదించాలి కదా అనుకుందాం. ఐదు శాతం చొప్పున రెండు కోట్లు రావాలంటే 40 కోట్ల పందేలు జరగాలి. ఆ 40 కోట్లు కాసేది ఎవరు? స్లైడ్ మీద రాసి ఉంది: 18 నుంచి 30 ఏళ్ల యువకులు, చిన్న పట్టణాలు, గ్రామాలు. అంటే కావలి హాస్టల్లో చదివే పిల్లలు, వింజమూరు సెంటర్లో సెల్‌ఫోన్ దుకాణం ముందు నిలబడే పిల్లలు, హైదరాబాదులో డెలివరీ బండి తోలే మన ఊరి పిల్లలు. బాబాయికి రావాల్సిన లాభం వాళ్ల జేబుల్లోంచి రావాలి. ఇంకెక్కడి నుంచీ రాదు. పొగాకు మీద లాభం ఆకు కొన్నవాడు ఇస్తాడు, వాడికి ఆకు దక్కుతుంది. ఇక్కడ డబ్బు ఇచ్చినవాడికి దక్కే సరుకు లేదు.

బుకీలం కాదన్న మాటను కూడా పరీక్షకు పెట్టాం. మనుషులు మనుషుల మీదే కాసుకునే వేదిక కొత్త ఆలోచన కాదు. లండన్‌లో 2000లో మొదలైన బెట్‌ఫెయిర్ ఇదే పద్ధతి: కాసేవాళ్లను ఎదురెదురుగా కలిపి, గెలిచినవాడి దగ్గర కమిషన్ తీసుకోవడం. అది నిలబడింది, ఎందుకంటే దానికి రెండు వైపులా కాసే జనం లక్షల్లో దొరికారు. మా వాడి వ్యాపారం స్నేహితుల చిన్న గుంపుల మీద. ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ రోజు కొండాపురంలో పాకిస్తాన్ వైపు కాసేవాడు ఎవడు దొరుకుతాడు? గుంపులో అందరూ ఒకే పక్కన ఉంటే పందెమే లేదు. "అప్పుడేం చేస్తావు?" అని అడిగాను. కొంచెంసేపు ఆలోచించి, "మొదట్లో మేమే రెండో పక్కన కాస్తాం బావా, జనం వచ్చేదాకా" అన్నాడు. అవతలి పక్కన డబ్బు పెట్టి కూర్చునేవాణ్ణి మన జిల్లాలో బుకీ అనే అంటారు. నెల్లూరు జిల్లాకు ఆ మాట కొత్త కాదు. 2017లో ఇక్కడి పోలీసులు క్రికెట్ బెట్టింగ్ ముఠాల మీద వరసపెట్టి దాడులు చేసినప్పుడు రాష్ట్రమంతా మాట్లాడుకుంది. అప్పట్లో ఫోన్లో చీటీ రాసేవాళ్లు, ఇప్పుడు యాప్. వ్యాపారం గురించి మొదట చెప్పిన మాట రెండో ప్రశ్నకే మారితే, ఆ మారిన మాటను కాగితం మీద రాసుకోండి. అసలు వ్యాపారం అదే.

పన్ను సంగతి త్వరగా చెప్పేస్తాను. 2023 అక్టోబరు 1 నుంచి ఇలాంటి ఆటల్లో యూజరు జమ చేసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ పెట్టారు. కమిషన్ మీద కాదు, జమ మొత్తం మీద. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ రేటు 40 శాతం. గెలిచిన నికర మొత్తం మీద 30 శాతం టీడీఎస్ వేరే. వంద రూపాయల పందెం మీద 28 పన్నును కంపెనీ భరిస్తే, ఐదు శాతం కోతతో అది తిరిగి రావడానికి ఆ వంద ఏడు మ్యాచ్‌లు తిరగాలి. 40 అయితే పది మ్యాచ్‌లు. మా వాడి ఖర్చుల స్లైడ్‌లో ఈ వరుసే లేదు. కాయిన్లు కనక పన్ను ఉండదనుకున్నాడు పాపం.

ఇప్పుడు కాగితాలు. ఇది ఏ స్టార్టప్‌కైనా పనికొస్తుంది కాబట్టి నిదానంగా చదవండి.

మీ డబ్బుకు వాటా ఇస్తామంటే ముందు ఆ కంపెనీ ఉందో లేదో చూడాలి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో పేరు కొడితే రిజిస్టరు అయిన తేదీ, డైరెక్టర్ల పేర్లు, మూలధనం ఉచితంగా కనపడతాయి. వంద రూపాయలు కడితే వాళ్లు దాఖలు చేసిన బాలెన్స్ షీట్లు కూడా చూడవచ్చు. పది లక్షలు పెట్టేవాడు ఆ వంద పెట్టడానికి వెనకాడకూడదు. ప్రైవేటు కంపెనీ ఇలా వాటాలు ఇవ్వాలంటే కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఆఫర్ లెటర్ ఇవ్వాలి, అది మీ పేరు మీదే ఉండాలి. ఏడాదిలో 200 మందికి మించి అడగకూడదు. డబ్బు మీ బ్యాంకు ఖాతా నుంచి కంపెనీ ఖాతాకే పోవాలి, నగదు తీసుకోకూడదు. 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. లేదంటే ఆ తర్వాత 15 రోజుల్లో డబ్బు వెనక్కివ్వాలి, అదీ దాటితే 12 శాతం వడ్డీతో. "ఇప్పుడు నగదుగా ఇవ్వు మామా, కాగితాలు తర్వాత చూద్దాం" అన్న మాట వినపడితే ఆ సంభాషణ అక్కడితో అయిపోవాలి.

ఇంకో మాట కూడా జాగ్రత్తగా వినండి. "వాటా ఇస్తాం, దానితో పాటు నెలకు నూటికి రెండు రూపాయలు గ్యారంటీ" అంటారు కొందరు. వాటా అంటే లాభనష్టాల్లో భాగం. గ్యారంటీ రాబడి అంటే డిపాజిట్టు. అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు సేకరించడాన్ని 2019 చట్టం నిషేధించింది. డిపాజిట్లు సేకరించి తిరిగి ఇవ్వలేకపోయిన అగ్రిగోల్డ్ కంపెనీ పేరు వింటే ఇప్పటికీ మన ఊళ్లలో ముఖాలు మారిపోతాయి. 32 లక్షల ఖాతాలు, ఆరు వేల కోట్లకు పైగా డబ్బు. ఆ డబ్బు కట్టించిన ఏజెంట్లలో ఎక్కువమంది మన అక్కచెల్లెళ్లు, పక్కింటి మాస్టార్లు. అయినవాళ్ల మీద నమ్మకంతోనే కట్టారు జనం.

చట్టవిరుద్ధమైన పనికి చేసుకున్న ఒప్పందం కోర్టులో చెల్లదని కూడా గుర్తుంచుకోండి. కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందాలకు విలువ లేదు. ఇలాంటి కంపెనీలో పెట్టిన డబ్బు మునిగితే, వెనక్కి ఇప్పించమని అడగడానికి కూడా మీ కాలు కింద గట్టి నేల ఉండదు. ఇక మా వాడు మర్యాదకు ఇంకో మాట కూడా అన్నాడు: "మామయ్యను డైరెక్టరుగా పెడతాం." మా బాబాయి మొహంలో కాస్త సంతోషం కనపడింది. నేను గట్టిగా వద్దన్నాను. రేపు కేసు అంటూ వస్తే పోలీసులు మొదట చూసేది ఆ పేర్ల జాబితానే. 2025 మార్చిలో మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద పాతికమంది నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్ల పేర్లతో కేసు పెట్టారు. వాళ్లు యాప్ నడిపినవాళ్లు కాదు, పేరూ ముఖమూ ఇచ్చినవాళ్లు. ఊళ్లో ఒక రైతుకు ఉన్న మంచి పేరు కూడా అలాంటిదే, దాన్ని అరువు ఇవ్వకూడదు.

లెక్క తేలింది. అయినా మా బాబాయి వద్దు అనలేకపోతున్నాడు. నేను ఈ అధ్యాయం రాయడానికి అసలు కారణం ఆ అరగంటే.

మన దగ్గర డబ్బు పోవడానికి అత్యాశ కంటే మొహమాటం పెద్ద కారణమని నా అనుభవం. కుర్రాడు భార్య తరఫువాడు. ఇవ్వకపోతే పిన్నమ్మ నొచ్చుకుంటుంది. రేపు పెళ్లిలో బావమరిది ఎదురుపడితే ఏం చెప్పాలి? బాబాయి కండువా అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. "ఆలోచించి చెప్తాలేరా" అనబోయాడు. ఆ మాట అననివ్వలేదు. ఆలోచించి చెప్తానన్న మాటను అవతలివాడు సగం ఒప్పుకున్నట్టే లెక్కేసుకుంటాడు, ఆ పది లక్షలు వస్తాయని ఆఫీసు అద్దెకు తీసుకుంటాడు. ఆలస్యంగా చెప్పిన 'కాదు' అన్న మాట వాడికి మరింత నష్టం చేస్తుంది.

కాబట్టి అక్కడే, వాడి ముందే, కారణం చెప్పి కాదనమన్నాను. బాబాయి తన మాటల్లో ఇలా అన్నాడు: "నీ మీద నమ్మకం లేక కాదబ్బయ్యా. ఇందులో నాకు పది రూపాయలు రావాలంటే ఇట్లాంటి ఇంకో ఊళ్లో ఇట్లాంటి పిలగాడు పోగొట్టుకోవాల. అది నాకు వద్దు. నువ్వు ఇంకోటి ఏదన్నా చెయ్యి, ఆ రోజు పిలువు, వస్తాను." ఆ మాటల్లో మనిషి మీద ఒక్క మచ్చ లేదు. కాదనడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. మనిషిని పక్కన పెట్టి, వ్యాపారం పేరు చెప్పి, నిజమైన కారణం చెప్పడం. డబ్బుల్లేవని అబద్ధం చెబితే, డబ్బు వచ్చిన నెలలో వాడు మళ్లీ వస్తాడు.

కుర్రాడి మొహం చిన్నబోయింది. భోజనాల దగ్గర వాడితో చాలాసేపు మాట్లాడాను. వాడు చేసిన పనిలో పనికొచ్చేది ఉంది. గుంపులు కట్టడం, పట్టిక, మాటామంతీ, పల్లెటూరి నెట్‌వర్క్ మీద కూడా ఆగకుండా నడవడం, ఇవన్నీ బాగా కుదిరాయి. పందెం తీసేస్తే మిగిలేది ఊరి ఆటలకు పనికొచ్చే యాప్. సంక్రాంతికి మన మండలాల్లో ఎన్ని క్రికెట్ టోర్నమెంట్లు జరుగుతాయి! స్కోరు కాగితాల మీద రాసుకుంటారు, ఫైనల్ అయ్యాక ఆ కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. టోర్నమెంటు జరిపేవాళ్లు ఇంత అని కట్టి వాడుకునే స్కోరు యాప్‌కు చట్టం అడ్డు రాదు. లాభం తక్కువ, నిదానంగా వస్తుంది. కానీ కట్టినవాడికి సరుకు దక్కుతుంది. అలాంటిది చేస్తే మళ్లీ లెక్క చూడటానికి నేను వస్తానని మాటిచ్చాను.

మీ ఇంటికి ఎవరైనా ఇలాంటి స్లైడ్లు పట్టుకొస్తే ఈ అధ్యాయంలో మేం వేసిన లెక్కలన్నీ మీరే కాగితం మీద, వాళ్ల ముందే వేయండి. పది రూపాయల పెన్ను, వంద రూపాయల బాలెన్స్ షీటు, ఒక ఆదివారం సరిపోతాయి. పందెం మీద నడిచే కంపెనీకి మాత్రం, చట్టం రేపు ఎలా మారినా, మీ పొగాకు డబ్బు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఇది చదువుతున్న వాళ్లలో కొందరి ఇళ్లల్లో కుర్రాడు ఇప్పటికే పందేల్లో డబ్బు పోగొట్టుకుని, ఎవరికీ చెప్పలేక గదిలో కూర్చుని ఉండవచ్చు. వాణ్ణి ముందు తిట్టకండి. పక్కన కూర్చుని ఎంత అప్పుందో అడగండి, ఫోన్లో యాప్ తీయించండి. మనసు బాగా లేదనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. యాప్ పేరుతో ఎవరైనా మోసం చేసి డబ్బు లాగి ఉంటే అదే గంటలో 1930కి చెప్పండి.